ఒకే మధ్యవర్తుల రిపోర్టు, ముగ్గురు ముద్దాయిలు: ఒక గంజాయి కేసులో బెయిలు నడిచిన తీరు

2025 తొలి నెలల్లో ఒక రాత్రి 11.40 గంటల ప్రాంతంలో, విజయవాడ కృష్ణలంక వైపు నుంచి కనకదుర్గ వారధి ఎక్కే చోట పోలీసులు ఒక ప్యాసింజర్ ఆటోను ఆపారు. వెనక సీటులో తమిళనాడుకు చెందిన ఇద్దరు యువకులు, వాళ్ల కాళ్ల దగ్గర రెండు ట్రావెల్ బ్యాగులు ఉన్నాయి. ఒక బ్యాగులో బ్రౌన్ టేపు చుట్టిన 6 ప్యాకెట్లు 12.2 కిలోలు, రెండో బ్యాగులో 5 ప్యాకెట్లు 9.2 కిలోలు, మొత్తం 21.4 కిలోల గంజాయి దొరికిందని మధ్యవర్తుల రిపోర్టులో (సోదాకు సాక్షులుగా నిలిచినవారి సంతకాలతో రాసే పంచనామాలో) రాశారు. పెద్ద బ్యాగు పట్టుకున్న యువకుణ్ణి ఏ1గా, చిన్న బ్యాగు పట్టుకున్నవాణ్ణి ఏ2గా, ఆటో తోలుతున్న విజయవాడ వాసిని ఏ3గా చూపి, మాదకద్రవ్యాల నియంత్రణకు ఉన్న ఎన్‌డీపీఎస్ చట్టం సెక్షన్ 8(సి), 20(బి), 25, 29 కింద కేసు కట్టారు. నేను ఏ3 తరఫున వకాలత్ దాఖలు చేశాను. ఏ1, ఏ2ల తరఫున జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ద్వారా నియమితులైన న్యాయవాది హాజరయ్యారు. వారి పిటిషన్ల విషయం ఆయన అనుమతితోనే ఇక్కడ రాస్తున్నాను. కక్షిదారుల గుర్తింపు తెలిసే వివరాలను వదిలేశాను.

ముగ్గురికీ ఒకే న్యాయవాది ఉంటే ఖర్చు కలిసివస్తుందని మొదటిరోజు ఏ3 అన్నయ్య అడిగారు. అది కుదరదని అప్పుడే చెప్పాను. ‘బ్యాగులు వాళ్లవి, నాకు సంబంధం లేదు’ అన్నదే ఏ3 వాదన. ‘బ్యాగులు మావి కావు, ఆటోలోనే ఉన్నాయి’ అని ఏ1, ఏ2 అనే అవకాశం ఎప్పుడూ ఉంటుంది. ఒకరి రక్షణ మరొకరి మీద నేరారోపణ అయ్యే కేసులో ఇద్దరి వకాలత్ ఒకే చేతిలో ఉండకూడదు. గంజాయి కేసుల్లో ఈ జాగ్రత్త తరచుగా లోపిస్తోంది.

20 కిలోల గీత

గంజాయికి సంబంధించి 2001 అక్టోబరు నాటి కేంద్ర ప్రభుత్వ నోటిఫికేషన్ ప్రకారం స్వల్ప పరిమాణం 1 కిలో, వాణిజ్య పరిమాణం 20 కిలోలు. వాణిజ్య పరిమాణం అంటే నోటిఫికేషన్‌లో చెప్పిన బరువు కంటే ఎక్కువ అని చట్టంలోని నిర్వచనం చెబుతోంది కనుక సరిగ్గా 20 కిలోలు దొరికితే అది వాణిజ్య పరిమాణం కాదు. ఈ రెండింటి మధ్య ఉండే మధ్యస్థ పరిమాణానికి గరిష్ఠ శిక్ష 10 ఏళ్లు. కనీస శిక్ష లేదు. వాణిజ్య పరిమాణమైతే కనీసం 10 ఏళ్లు, గరిష్ఠంగా 20 ఏళ్లు, దానితో పాటు కనీసం లక్ష రూపాయల జరిమానా. బెయిలు విషయంలో తేడా అంతకంటే పెద్దది. గీత దాటితే సెక్షన్ 37 వచ్చి కూర్చుంటుంది: పబ్లిక్ ప్రాసిక్యూటర్‌కు అభ్యంతరం చెప్పే అవకాశం ఇవ్వాలి, ఆయన వ్యతిరేకిస్తే ముద్దాయి నేరం చేయలేదని నమ్మడానికి సహేతుకమైన కారణాలు ఉన్నాయని, బెయిలు మీద ఉండగా మరో నేరం చేసే అవకాశం లేదని కోర్టు సంతృప్తి చెందాలి. ఛార్జిషీటు గడువు కూడా 180 రోజులకు పెరుగుతుంది.

అందుకే గంజాయి కేసు రాగానే అందరి చూపూ తూకం మీద పడుతుంది. ఈ కేసులో 21.4 కిలోలన్నది టేపు, పాలిథిన్ కవర్లతో కలిపి తూచిన బరువు. 11 ప్యాకెట్ల చుట్టల బరువు తీసేసినా కిలోకు మించి తగ్గదని, అప్పటికీ 20 కిలోల పైనే ఉంటుందని తేలిగ్గా లెక్కవేయవచ్చు. మేజిస్ట్రేటు సమక్షంలో సరుకు జాబితా తయారీ (ఇన్వెంటరీ) జరిగిన రోజుకు మొత్తం బరువు 20 కిలోల 260 గ్రాములకు దిగింది. ఆ అంకె మీద నుంచి చుట్టల బరువు తీసేస్తే 20 కిలోల లోపుకు వస్తుంది. ఏ1, ఏ2ల న్యాయవాది ఈ వాదన పెట్టారు. కాని సరుకు ఎండితే బరువు తగ్గడం సహజమే, స్వాధీనం చేసుకున్న రోజు బరువే ప్రమాణం అన్న ప్రాసిక్యూషన్ జవాబులో బలం ఉంది. కోర్టూ దాన్నే అంగీకరించింది.

ఆకులు, గింజల వాదనకూ అదే గతి పట్టింది. చట్టం ప్రకారం గంజాయి అంటే గంజాయి మొక్క పూత లేదా కాయ ఉన్న పైభాగాలు. ఆ పైభాగాలు లేకుండా విడిగా ఉన్న గింజలను, ఆకులను నిర్వచనం నుంచి మినహాయించారు. ‘ఆకులు, కాడలు, గింజలతో కూడిన గంజాయి’ అని మధ్యవర్తుల రిపోర్టులో రాయగానే, ఆకులూ గింజలూ తీసేస్తే ఎంత మిగులుతుందన్న ప్రశ్న పుడుతుంది. ప్రశ్న మంచిదే. అయితే మినహాయింపు వర్తించేది పైభాగాలు లేనప్పుడే. పూత కలిసి ఉన్న సరుకులో ఆకులకూ గింజలకూ మినహాయింపు లేదని నిర్వచనంలోని మాటలే చెబుతున్నాయి. నిర్వచనంలో ఎక్కడా లేనివి కాడలు మాత్రమే. వాటి బరువు ఎంతో ఎవరూ విడదీసి తూచలేదు కనుక ఆ ప్రశ్న ఫోరెన్సిక్ ల్యాబ్ (ఎఫ్‌ఎస్‌ఎల్) అధికారిని క్రాస్ ఎగ్జామిన్ చేసే రోజు వరకు ఆగాల్సిందే.

అసలు బరువైన వాదన మరొకటి ఉంది. ఏ1 చేతిలో 12.2, ఏ2 చేతిలో 9.2, విడివిడిగా చూస్తే ఇద్దరూ మధ్యస్థ పరిమాణంలోకే వస్తారు. రెండు బరువులనూ కలిపితేనే ఇది వాణిజ్య కేసు అవుతుంది. 2005లో అమర్‌సింగ్ రాంజీభాయ్ బారోట్ కేసులో సుప్రీంకోర్టు, కుట్ర ఆరోపణ గాని ఆధారం గాని లేనప్పుడు ఇద్దరి దగ్గర దొరికిన సరుకును కలిపి లెక్కించడం తప్పని చెప్పింది. ఇక్కడ ప్రాసిక్యూషన్ కుట్రకు సంబంధించిన సెక్షన్ 29ను ఎఫ్‌ఐఆర్‌లోనే చేర్చింది. ఇద్దరూ ఒకే బస్సులో నర్సీపట్నం వైపు నుంచి వచ్చారని, రామవరప్పాడు రింగ్ దగ్గర దిగి ఒకే ఆటో మాట్లాడుకున్నారని, రెండు బ్యాగుల్లోనూ ప్యాకింగ్ ఒకే రకంగా ఉందని చూపించింది. బెయిలు దశలో ఇంతమాత్రం చాలని ప్రత్యేక న్యాయస్థానం భావించి ఇద్దరి పిటిషన్లనూ కొట్టివేసింది. ఆ ఉత్తర్వు తప్పని నేను అనుకోను. అయితే ఎఫ్‌ఐఆర్‌లో సెక్షన్ 29 అంకె ఒక్కటే ఉండి, కలిసి ప్రయాణించారనడానికి కూడా ఆధారం లేని కేసుల్లో బారోట్ తీర్పును బలంగానే ఉపయోగించుకోవచ్చు. విడివిడి లెక్క నిలబడితే సెక్షన్ 37 తొలగిపోవడమే కాదు, ఛార్జిషీటు గడువు కూడా మారుతుంది. 10 ఏళ్ల వరకు అని గరిష్ఠం మాత్రమే ఉండి, కనీస శిక్ష 10 ఏళ్లు లేని నేరానికి గడువు 60 రోజులేనని 2017లో రాకేశ్ కుమార్ పాల్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. కొత్త క్రిమినల్ ప్రక్రియా చట్టమైన బీఎన్‌ఎస్‌ఎస్ సెక్షన్ 187లో పదాలు కొంచెం మారినా ఆ తర్కం మారలేదన్నది నా వాదన.

సోదాలో లోపాలు: ఎన్నో ఉన్నాయి, బెయిలుకు పనికొచ్చినవి తక్కువ

మధ్యవర్తుల రిపోర్టు మూడు పేజీలు, కంప్యూటర్‌లో టైపు చేసింది. రెండో పేజీలో రెండు చోట్ల ‘సదరు ఆటో’ అని ఉండాల్సిన దగ్గర ‘సదరు కారు’ అని ఉంది. అంటే మరో కేసు ఫైలు తెరిచి, పేర్లూ అంకెలూ మార్చి, ఈ రెండు మాటలను మార్చడం మరిచిపోయారు. మొదటి పేజీ పైన క్రైమ్ నంబరు టైపు చేసి ఉంది. రిపోర్టు ప్రకారం సోదా, స్వాధీనం రాత్రి 1.20కి వారధి దగ్గరే పూర్తయ్యాయి. ఎఫ్‌ఐఆర్ నమోదైనది స్టేషన్‌లో 2.15కి. అప్పటికి పుట్టని నంబరు రోడ్డు మీద తయారైన కాగితంలోకి ఎలా వచ్చింది? చేత్తో తరువాత చేర్చారని చెప్పడానికీ వీల్లేదు, అదే ఫాంటులో అదే వరుసలో ఉంది.

ఇలాంటివి కనిపించగానే బెయిలు పిటిషన్‌లో పది గ్రౌండ్లుగా రాసేయాలనిపిస్తుంది. నేను రాయలేదు. క్రైమ్ నంబరు సంగతి పంచ్ సాక్షిని, ఎస్‌ఐని బోనులో నిలబెట్టి అడగాల్సినది. బెయిలు దశలోనే బయటపెడితే ప్రాసిక్యూషన్‌కు సర్దుబాటు చేసుకునే వ్యవధి ఇచ్చినట్టవుతుంది. పైగా ఇవి సాక్ష్యపు విలువకు సంబంధించినవి, విచారణలో చూద్దామని ఏ న్యాయమూర్తి అయినా ఒక వాక్యంలో పక్కన పెట్టగలరు.

సెక్షన్ 50 సంగతి మరీ స్పష్టం. వ్యక్తిగత సోదాకు ముందు, దగ్గరలో ఉన్న గెజిటెడ్ అధికారి లేదా మేజిస్ట్రేటు ఎదుట సోదా చేయించుకునే హక్కు ఉందని ముద్దాయికి చెప్పాలి. దీన్ని ఖచ్చితంగా పాటించాలని 1999లో బల్దేవ్ సింగ్ కేసులో, ఆ తరువాత విజయ్‌సింహ్ చందూభా జడేజా కేసులో రాజ్యాంగ ధర్మాసనాలు చెప్పాయి. ముగ్గురికీ కలిపి ఒకే కాగితం మీద చెప్పి సంతకాలు తీసుకోవడం చెల్లదని 2014లో పర్మానంద్ తీర్పు చెబుతోంది. మా కేసులో సరిగ్గా అదే జరిగింది: ఒకే నోటీసు, మూడు సంతకాలు, తమిళం తప్ప చదవలేని ఇద్దరి సంతకాలు తెలుగు పేరా కింద. అయినా దీనివల్ల ఏ1, ఏ2లకు లాభం లేదు, ఎందుకంటే సరుకు దొరికింది బ్యాగుల్లో. బ్యాగు సోదాకు సెక్షన్ 50 వర్తించదని 2005లో పవన్ కుమార్ తీర్పు, ఒంటిని కూడా సోదా చేసినంత మాత్రాన బ్యాగులో దొరికిన సరుకుకు అది వర్తించదని 2023లో రంజన్ కుమార్ చడ్డా తీర్పు ఖాయం చేశాయి.

సెక్షన్ 42 విషయంలో కొంత వాదన ఉంది. ముందస్తు సమాచారం వచ్చిందని రిమాండ్ రిపోర్టులోనే ఉంది. వాహనంలో వారెంటు లేకుండా సోదా చేయాలంటే ఆ సమాచారాన్ని రాతలో పెట్టి 72 గంటల్లోగా పై అధికారికి పంపాలి. సూర్యాస్తమయం తరువాతైతే వారెంటు తెచ్చుకునే వ్యవధి లేదనడానికి కారణాలు కూడా నమోదు చేయాలి. అసలే పాటించకపోవడం చెల్లదని, సంతృప్తికరమైన వివరణ ఉన్న ఆలస్యాన్ని మన్నించవచ్చని 2009లో కర్నైల్ సింగ్ కేసులో రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. బహిరంగ ప్రదేశమైతే ఈ బాధ్యతలు లేని సెక్షన్ 43 వర్తిస్తుంది. రోడ్డు మీద ఉన్నంత మాత్రాన ప్రైవేటు వాహనం బహిరంగ ప్రదేశం కాదని 2021లో బూటా సింగ్ కేసులో సుప్రీంకోర్టు ముద్దాయిలను విడుదల చేసింది. కాని ఆటో ప్రైవేటు వాహనమా, ప్రజా రవాణా వాహనమా? కిరాయికి తిరిగే పర్మిట్ బండి కాబట్టి ప్రజా వాహనమేనని పబ్లిక్ ప్రాసిక్యూటర్ (పీపీ) అన్నారు. కిరాయి మాట్లాడుకున్నాక దారిలో మరొకరు ఎక్కడానికి వీల్లేదు కాబట్టి కాదని ఏ1, ఏ2ల వైపు వాదన. నిజానికి ఏ3కు మాత్రం పీపీ వాదనే మేలు. ప్రజా వాహనమైతే ఎక్కినవాడి బ్యాగులో ఏముందో డ్రైవరు అడగడు. నేను ఈ విషయంలో నోరు మెదపలేదు.

శాంపిళ్ల విషయంలో పోలీసులు పాత అలవాటు ప్రకారం రోడ్డు మీదే తీశారు. 2016లో మోహన్‌లాల్ తీర్పు వచ్చాక, 2022 డిసెంబరు నుంచి అమలులోకి వచ్చిన నియమాల ప్రకారం కూడా సెక్షన్ 52ఏ కింద మేజిస్ట్రేటు సమక్షంలోనే శాంపిళ్లు తీయాలి; గంజాయికి ఒక్కో శాంపిల్ 24 గ్రాములు, రెండేసి చొప్పున. 2023లో యూసుఫ్ కేసులోనూ సిమ్రన్‌జిత్ సింగ్ కేసులోనూ ఈ లోపం మీద శిక్షలు రద్దయ్యాయి కనుక, బెయిలు కూడా వస్తుందని బార్‌లో చాలామంది అనుకుంటారు. 2024 డిసెంబరులో కాషిఫ్ కేసులో సుప్రీంకోర్టు, సెక్షన్ 52ఏ పాటించడంలో ఆలస్యం లేదా లోపం దానంతట అదే బెయిలుకు కారణం కాదని తేల్చిచెప్పింది. 2025 జనవరిలో భరత్ ఆంబలే తీర్పు, ఆ లోపం ఒక్కటే విచారణలో కూడా ప్రాణాంతకం కాదని, మిగతా సాక్ష్యంతో కలిపి చూడాలని చెప్పింది. పాత తీర్పుల జిరాక్సులతో బెయిలు వాదనకు వెళ్లేవారు ఈ రెండింటినీ చదివి వెళ్లడం మంచిది. పీపీల దగ్గర అవి సిద్ధంగా ఉంటున్నాయి.

ఏ3: తెలిసి నడిపాడా?

ఏ3 మీద ఉన్న ఆధారం రెండు ముక్కలు. ఒకటి, ఆటో అతనిది. రెండు, ‘బ్యాగుల్లో గంజాయి ఉందని తెలిసే, ఎక్కువ డబ్బులిస్తామంటే ఒప్పుకున్నాను’ అని పోలీసుల ఎదుట అతను చెప్పినట్టు రాసుకున్న ఒప్పుకోలు. పోలీసు అధికారికి ఇచ్చిన ఒప్పుకోలును భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 23 అనుమతించదు. ఎన్‌డీపీఎస్ అధికారులు సెక్షన్ 67 కింద రాసుకునే వాంగ్మూలాలకు కూడా ఇదే వర్తిస్తుందని 2020లో తూఫాన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు మెజారిటీ తీర్పు చెప్పింది. కనుక రెండో ముక్క పోతుంది. మొదటి ముక్క ఒక్కటే మిగిలితే, వాహనాన్ని నేరానికి వాడనిచ్చినవారికి వర్తించే సెక్షన్ 25లో ‘తెలిసి’ అనుమతించడం అన్న షరతు ఉంది. అపరాధ మనస్థితిని ఊహించాలని సెక్షన్ 35 చెబుతుంది గదా అని పీపీ అన్నారు. మౌలిక వాస్తవాలను ప్రాసిక్యూషన్ ముందు రుజువు చేశాకే ఆ ఊహ మొదలవుతుందని 2008 నాటి నూర్ ఆగా తీర్పును చూపాను.

కుటుంబం మొదటి వారంలోనే బెయిలు వేయమని ఒత్తిడి తెచ్చింది. ఇంట్లో సంపాదించేవాడు ఒక్కడే, ఆటో ఫైనాన్సు వాయిదా నెల తిరగ్గానే వస్తుంది. వాళ్ల తొందర అర్థమైంది. అయినా ఆగమన్నాను. దర్యాప్తు మొదట్లో ఏ బెయిలు పిటిషన్‌కైనా ‘దర్యాప్తు ఇంకా జరుగుతోంది’ అన్న జవాబు చాలు. ఒకసారి కొట్టివేస్తే తరువాతి పిటిషన్‌కు మారిన పరిస్థితులు చూపాలి. వాణిజ్య పరిమాణం కేసులో మొదటి పిటిషన్ ఎప్పుడు వేయాలన్నదే సగం పని. ముగ్గురి ఫోన్ల కాల్ రికార్డులు వచ్చి కేస్ డైరీలో చేరేవరకు ఆగాం. ఏ3 నంబరుకూ మిగతా ఇద్దరి నంబర్లకూ మధ్య ఒక్క కాల్ కూడా లేదు.

అంతకంటే బలమైనది పోలీసుల చేతిలోనే ఉంది. 2024 జులై 1 నుంచి అమలులోకి వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్ సెక్షన్ 105 ప్రకారం సోదా, స్వాధీనాలను ఆడియో వీడియోలో చిత్రీకరించి, ఆలస్యం లేకుండా మేజిస్ట్రేటుకు పంపాలి. ఎన్‌డీపీఎస్ చట్టం సెక్షన్ 51 సాధారణ ప్రక్రియా చట్టాన్ని, తనకు విరుద్ధం కానంత మేరకు, సోదాలకు వర్తింపజేస్తుంది కనుక ఈ కేసులో కూడా వీడియో తీశారు. మా చేతికి కాపీ రాలేదు. ఛార్జిషీటు దాఖలయ్యేదాకా రాదు. కోర్టుకు చేరిన క్లిప్పును కేస్ డైరీతో పాటు న్యాయమూర్తే చూడాలని మెమో వేశాను. క్లిప్పు బ్యాగులు తెరిచాకే మొదలవుతుంది, అది వేరే లోపం. కానిస్టేబులు ఒక ప్యాకెట్‌ను టార్చి వెలుగులో ఎత్తి చూపిస్తుండగా, తెరకు బయట నుంచి ఏ3 గొంతు వినిపిస్తుంది: “సార్, నేను కిరాయికొచ్చానండీ. రింగులో ఎక్కారు. మూడొందలన్నాను. ఆళ్లెవరో నాకు తెల్దండీ.” ఎవరో ‘నువ్వాగు’ అంటారు. అంతే. పట్టుబడిన నిమిషాల్లో, న్యాయవాది సలహా లేకుండా, పోలీసుల ఫోన్‌లోనే రికార్డయిన మాట అది. కొన్ని గంటల తరువాత స్టేషన్‌లో టైపు చేసిన ఒప్పుకోలులో అతను సరిగ్గా దీనికి వ్యతిరేకంగా చెప్పాడని రాసి ఉంది. తనకు తాను అనుకూలంగా చెప్పుకున్న మాటకు విలువ ఏమిటని పీపీ అడిగారు. రుజువుగా కాదు, సహేతుకమైన కారణంగా చూడమని మాత్రమే కోరాను.

మూడో నెలలో ప్రత్యేక న్యాయస్థానం ఏ3కు బెయిలు ఇచ్చింది. ఆ ఉత్తర్వులో నాకు నచ్చినది దాని నిర్మాణం. పీపీ అభ్యంతరాన్ని నమోదు చేసింది. ఒప్పుకోలు తప్ప తెలిసి నడిపాడనడానికి ఆధారం లేదని, కాల్ రికార్డులు, వీడియో అందుకు వ్యతిరేకంగా ఉన్నాయని చెప్పింది. పాత కేసులు లేవని, స్థిర నివాసం ఉందని చూపి రెండో షరతుపై కూడా విడిగా ఒక పేరా రాసింది. సెక్షన్ 37 సంతృప్తిని కారణాలతో రాయని ఉత్తర్వులు పైకోర్టులో నిలబడవని 2020లో రాజేశ్ కేసు, 2022లో మోహిత్ అగర్వాల్ కేసు చూసినవారికి తెలుసు. బెయిలు వచ్చిందన్న ఆనందంలో మనవాళ్లు ఉత్తర్వు చదవరు. రద్దు పిటిషన్ వచ్చినరోజు చదువుతారు. అందుకే వాదన చివర రెండు షరతులకూ విడివిడిగా రాతపూర్వక నివేదన ఇవ్వడం అలవాటు చేసుకున్నాను.

ఆటో మాత్రం స్టేషన్ ఆవరణలో ఎండకూ వానకూ ఉండిపోయింది. ఎన్‌డీపీఎస్ కేసులో వాహనాన్ని తాత్కాలికంగా అప్పగించడానికి నిషేధం లేదని 2025 జనవరిలో బిశ్వజిత్ డే కేసులో సుప్రీంకోర్టు చెప్పింది కనుక, దాని ఆధారంగా వేరే పిటిషన్ వేశాం. ఫోటోలు, వీడియో తీసి, అమ్మనని, కోరినప్పుడు హాజరుపరుస్తానని పూచీ తీసుకుని బండి ఇచ్చారు.

ఏ1, ఏ2: 180వ రోజు చుట్టూ

మిగతా ఇద్దరి విషయంలో సెక్షన్ 37 అడ్డు తొలగలేదు. హైకోర్టులో వేసిన రెగ్యులర్ బెయిలు పిటిషన్‌ను, ధర్మాసనం మొగ్గు చూసి, మళ్లీ వేసుకునే స్వేచ్ఛతో వెనక్కి తీసుకున్నారు. దీర్ఘకాల నిర్బంధం వాదన ఉంది గాని దానికి ఇంకా సమయం కాలేదు. 2023లో మహమ్మద్ ముస్లిం కేసులోనూ రబీ ప్రకాశ్ కేసులోనూ సెక్షన్ 37ను దాటి స్వేచ్ఛకు పెద్దపీట వేసినది సంవత్సరాల తరబడి విచారణ సాగని ఖైదీలకు.

అరెస్టు కారణాల వాదన వేరు. ఏ2కు తెలుగు రాదు. అతనికి ఇచ్చిన కాగితంలో సెక్షన్ నంబర్లు, ‘మీపై నేరారోపణ ఉన్నందున’ అన్న వాక్యం తెలుగులో ఉన్నాయి. 2025 ఫిబ్రవరిలో విహాన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు, అరెస్టు కారణాలను అరెస్టయినవాడికి అర్థమయ్యే భాషలో సమర్థంగా తెలియజేయాలని, రాజ్యాంగ అధికరణం 22(1) ఉల్లంఘన రుజువైతే బెయిలుకు చట్టపరమైన ఆంక్షలున్నా విడుదల చేయాల్సిందేనని చెప్పింది. సెక్షన్ 37కు పక్కనుంచి వెళ్లే దారుల్లో ఇదొకటి కనుక ఇది బలమైన వాదన. స్టేషన్‌లో తమిళం వచ్చిన హోంగార్డు వివరించాడని పోలీసులు కౌంటరులో రాశారు. ఆ పేరు రిమాండ్ రిపోర్టులో గాని అరెస్టు మెమోలో గాని ఎక్కడా లేదు. రిమాండు రోజునే మేజిస్ట్రేటు ముందు ఈ అభ్యంతరం ఎత్తి, రికార్డులోకి ఎక్కించి ఉంటే ఎంతో బాగుండేది. అప్పటికి వాళ్లిద్దరికీ న్యాయవాదే లేడు. ఆ తరువాత అదే ఏడాది నవంబరులో వచ్చిన మిహిర్ రాజేశ్ షా తీర్పు, కారణాలను అర్థమయ్యే భాషలో రాతపూర్వకంగా ఇవ్వాలని, అప్పటికప్పుడు వీలుకాకపోతే రిమాండుకు హాజరుపరచడానికి కనీసం 2 గంటల ముందైనా ఇవ్వాలని చెప్పింది. ఇకముందు జరిగే అరెస్టుల్లో హోంగార్డు కథలు చెల్లవు.

అసలు మలుపు గడువు దగ్గర వచ్చింది. సెక్షన్ 36ఏ(4) ప్రకారం 180 రోజుల్లో దర్యాప్తు పూర్తి కాకపోతే ప్రత్యేక న్యాయస్థానం గడువును ఏడాది వరకు పొడిగించవచ్చు. కాని అందుకు పబ్లిక్ ప్రాసిక్యూటర్ రిపోర్టు కావాలి, ఆ రిపోర్టులో దర్యాప్తు పురోగతి ఉండాలి, 180 రోజులకు మించి ముద్దాయిని నిర్బంధంలో ఉంచడానికి నిర్దిష్ట కారణాలు ఉండాలి. 178వ రోజు ఒక పిటిషన్ దాఖలైంది. అది దర్యాప్తు అధికారి సంతకంతో ఉంది. చివర పీపీ కార్యాలయం ముద్ర, ‘సమర్పించడమైనది’ అన్న మాట, పొట్టి సంతకం. కారణాలు రెండు వాక్యాలు: ఎఫ్‌ఎస్‌ఎల్ రిపోర్టు రావాలి, సరుకు అమ్మిన వ్యక్తిని పట్టుకోవాలి. అమ్మినవాణ్ణి వెతకడానికి ఈ ఇద్దరూ జైల్లోనే ఎందుకు ఉండాలో ఒక్క మాట లేదు. మర్నాడే ఆ పిటిషన్‌ను అనుమతిస్తూ 90 రోజులు పొడిగించారు. ముద్దాయిలను హాజరుపరచలేదు, వీడియో కాన్ఫరెన్స్‌లో కూడా చూపలేదు, వారి న్యాయవాదికి కాపీ ఇవ్వలేదు.

రిమాండు విధించిన రోజునూ లెక్కలోకి తీసుకోవాలని 2023లో కపిల్ వాధ్వాన్ కేసులో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చింది కనుక, ఆ లెక్కన 181వ రోజు ఉదయం కోర్టు తెరిచీ తెరవగానే న్యాయవాది డిఫాల్ట్ బెయిలు (గడువులో ఛార్జిషీటు రాకపోతే హక్కుగా దక్కే బెయిలు) పిటిషన్ వేశారు. పొడిగింపు ఉత్తర్వు సంగతి ఆయనకు అక్కడే తెలిసింది. పిటిషన్ వీగిపోయింది. రెండు వారాల తరువాత ఛార్జిషీటు దాఖలైంది.

హైకోర్టులో మూడు అంశాలు నిలిచాయి. పీపీ తన బుద్ధిని ఉపయోగించి ఇచ్చే రిపోర్టు వేరు, దర్యాప్తు అధికారి కాగితాన్ని పైకి పంపడం వేరు అని 1994 నాటి హితేంద్ర విష్ణు ఠాకూర్ తీర్పు నుంచి కోర్టులు చెబుతూనే ఉన్నాయి. ఎన్‌డీపీఎస్ సందర్భంలో 2009 నాటి సంజయ్ కుమార్ కేడియా తీర్పూ ఉంది. పొడిగింపు అడిగినప్పుడు ముద్దాయిని హాజరుపరచి ఆ సంగతి తెలియజేయకపోతే అది లాంఛనపు లోపం కాదు, అతని హక్కుకే భంగమని 2022లో జిగర్ అలియాస్ జిమ్మీ కేసులో చెప్పారు. ఇక డిఫాల్ట్ బెయిలు పిటిషన్ వేసిన తరువాత దాఖలైన ఛార్జిషీటు ఆ హక్కును తుడిచేయలేదని, అదీ ఎన్‌డీపీఎస్ కేసులోనే, 2020లో ఎం. రవీంద్రన్ తీర్పు చెప్పింది. హైకోర్టు పొడిగింపు ఉత్తర్వును పక్కన పెట్టి ఇద్దరికీ బెయిలు ఇచ్చింది. అరెస్టు కారణాల వాదనలోకి వెళ్లాల్సిన అవసరం లేదని ఒక వాక్యం రాసి ఊరుకుంది.

ఇక్కడ ప్రాసిక్యూషన్ వైపు మాట కూడా చెప్పాలి. ఏజెన్సీ గ్రామాల నుంచి, ఒడిశా సరిహద్దు నుంచి సరుకు పంపేవాడిని పట్టుకోవడం నిజంగా సమయం తీసుకునే పని. దొరికేది ఎప్పుడూ బ్యాగులు మోసేవాడే. పొడిగింపు అడగడంలో తప్పు లేదు. పీపీ ఒక పేజీ రిపోర్టు రాసి, ఇద్దరినీ జైలు నుంచి వీడియోలో చూపించి, ఒక రోజు వాయిదా ఇచ్చి ఉంటే ఆ పొడిగింపు బహుశా నిలబడేది.

జామీన్లు

బెయిలు ఉత్తర్వు వచ్చాక కూడా ఏ1, ఏ2 వారాల తరబడి జైల్లోనే ఉన్నారు. ఒక్కొక్కరికి 50 వేల రూపాయల బాండు, అంతే మొత్తానికి ఇద్దరేసి జామీనుదారులు అన్నది షరతు. స్థానిక జామీన్లే కావాలని, ఆస్తి స్థోమతను ధ్రువీకరిస్తూ తహసీల్దార్ ఇచ్చిన సాల్వెన్సీ సర్టిఫికెట్ ఉండాలని కింది స్థాయిలో పట్టుబట్టారు. విజయవాడలో ముఖపరిచయం కూడా లేనివాళ్లకు స్థానిక జామీను ఎక్కడి నుంచి వస్తుంది? కోర్టు బయట డబ్బుకు జామీన్లు నిలబెట్టే దళారులు ఇలాంటి షరతుల మీదే బతుకుతారు; రేపు ముద్దాయి రాకపోతే ఆ జామీనుదారూ దొరకడు. వేరే జిల్లా జామీను అని తిరస్కరించడాన్ని 1978లోనే మోతీ రామ్ కేసులో సుప్రీంకోర్టు తప్పుపట్టింది. బెయిలు వచ్చి నెల దాటినా పూచీకత్తు ఇవ్వలేకపోతే షరతుల సడలింపును కోర్టు తనంతట తానే పరిశీలించవచ్చని 2023 జనవరి 31 నాటి సుప్రీంకోర్టు మార్గదర్శకాలలో ఉంది. ఈ రెండూ చూపాక, వారి ఊరి తహసీల్దార్ ధ్రువీకరించిన జామీన్లను స్వీకరించారు. వారానికోసారి స్టేషన్‌లో సంతకం చేయాలన్న షరతును నెలకోసారికి మార్చారు. ఫోన్ లొకేషన్‌ను ఎప్పుడూ దర్యాప్తు అధికారికి కనిపించేలా పెట్టాలని పోలీసులు అడిగారు గాని, 2024లో ఫ్రాంక్ వైటస్ కేసులో, అదీ ఎన్‌డీపీఎస్ కేసే, అలాంటి షరతు చెల్లదని చెప్పినందున అది ముందుకు సాగలేదు.

కేసు ఇప్పుడు చార్జీల దశ దాటింది. ఏ3 మీద సెక్షన్ 29 చార్జీ నిలవదని, విచారణకు ముందే దాని నుంచి తప్పించమని కోరుతూ డిశ్చార్జి పిటిషన్ వేశాం. దాన్ని కొట్టివేస్తూ, వీడియో విలువ విచారణలోనే తేలాలని న్యాయస్థానం చెప్పింది. ఛార్జిషీటుతో పాటు ఆ క్లిప్పు కాపీ, దాని హ్యాష్ విలువ (ఫైలు మారలేదని చూపే సంకేతం), ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి సాక్ష్య అధినియమ్ కింద ఇచ్చే సెక్షన్ 63 సర్టిఫికెట్ అందాయి. సమన్లు ముందుగా వెళ్లింది మధ్యవర్తుల్లో ఒకరైన వార్డు సచివాలయ ఉద్యోగికి. రెండో పేజీలోని ‘కారు’, మొదటి పేజీ పైనున్న క్రైమ్ నంబరు ఆయన్నే మొదట అడగాల్సిన ప్రశ్నలు.